ఇంటి దగ్గరే క్లచ్ వైరు: మెకానిక్‌కు లాభసాటి పద్ధతి

క్లచ్ వైరు మార్చాలంటే ముందు అది తెగాలి. అరుగుతోందని తెలిసిన మర్నాడే కొత్తది తెచ్చి వేసుకోవడం గుండె ధైర్యం లేనివాళ్ళ పని. పాపం వైరు తెగేముందు నెలల తరబడి కబుర్లు పంపుతూనే ఉంటుంది. వాటిని చెవిన పెట్టకపోవడమే ఈ విద్యలో ఓనమాలు.

మొదట పెడల్ బరువెక్కుతుంది. నిరుడు మునివేళ్ళతో తొక్కితే దిగిన పెడల్ ఇప్పుడు మోకాలి సత్తువ అడుగుతుంది. "వయసు మీద పడుతోంది, రేపట్నుంచి వాకింగ్‌కి వెళ్ళాలి" అనుకుని ఊరుకోండి. రివర్స్ వేసినప్పుడు గేర్‌బాక్స్ కర్ర్‌మంటుంది. పక్క సీట్లో వాళ్ళు ఉలిక్కిపడితే "ఈ బండికి ఇది మొదట్నుంచీ ఉన్నదే" అని సర్దిచెప్పండి. సిగ్నల్ దగ్గర మొదటి గేరు పడదు. న్యూట్రల్లోకి తెచ్చి, క్లచ్ రెండుసార్లు తొక్కితే పడుతుంది. పడిందిగా, ఇంకేం కావాలి? కాలు తీసినా పెడల్ పూర్తిగా పైకి రాకపోతే చెప్పు ముక్కుతో కిందనుంచి ఎగదొయ్యండి. కొన్నాళ్ళకు, నాటకాల వాళ్ళ కాలి హార్మోనీ వాయించినట్టు, మీ పాదం దానంతటదే ఆ తాళం వేస్తుంది.

నేను చెబుతున్నది మారుతి 800 సంగతి. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ మొదటి బండి తాళాలు హర్‌పాల్ సింగ్ అనే ఆయన చేతిలో పెట్టారు. 2014 జనవరిలో తయారీ ఆగిపోయింది. అంటే దేశంలో ఉన్న మారుతి 800లలో అన్నిటికంటే పసిదానికి కూడా పదేళ్ళు దాటిపోయాయి. పదిహేనేళ్ళు నిండి, ఆర్టీవో ఆఫీసులో ఫిట్‌నెస్ చూపించుకుని, ఆర్సీ మరో అయిదేళ్ళు పొడిగించుకున్న బళ్ళే మన వీధుల్లో ఎక్కువ. మూడు సిలిండర్లు, 796 సీసీ, బానెట్ ఎత్తితే నేల కూడా కనిపించేంత ఖాళీ. ఆ ఖాళీ చూసే కదా మనలాంటివాళ్ళకు చేతులు దురద పెట్టేది! ఇప్పటి కార్లలో చాలావాటికి క్లచ్ ఆయిల్ మీద పనిచేస్తుంది, బానెట్ ఎత్తితే అంతా ప్లాస్టిక్ మూతలే. మన 800కి మాత్రం పెడల్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉన్నది ఒక్క వైరు. దాన్ని మార్చడానికి ఇంజనీరింగ్ చదవాలా?

అయినా పక్కింటి రిటైర్డ్ ఇంజనీరుగారు గోడ మీంచి తొంగిచూసి ప్రశ్నలు వేస్తారు కాబట్టి, కాస్త సిద్ధాంతం తెలిసి ఉండటం మంచిది. పెడల్ తొక్కితే వైరు లాగుతుంది. వైరు గేర్‌బాక్స్ మీద ఉన్న చిన్న చెయ్యిలాంటి లీవర్‌ని లాగుతుంది. లీవర్ లోపలి ఫోర్కుని తిప్పుతుంది, ఫోర్కు రిలీజ్ బేరింగ్‌ని ముందుకు నెడుతుంది, బేరింగ్ వెళ్ళి ప్రెజర్ ప్లేటు మధ్యలో ఉన్న స్ప్రింగు వేళ్ళని నొక్కుతుంది. అప్పుడు ప్రెజర్ ప్లేటు పట్టు వదులుతుంది. అంతవరకూ ఫ్లైవీలుకీ దానికీ మధ్య నలుగుతున్న క్లచ్ ప్లేటుకి విడుదల. ఇంజను దారి ఇంజనుది, గేర్‌బాక్స్ దారి గేర్‌బాక్స్‌ది. గేరు మార్చుకోవడానికి దొరికేది ఆ కాస్త సందే. వైరు సాగినా, చిక్కుపడినా, పోగులు తెగినా ఆ విడుదల సగమే జరుగుతుంది. కర్ర్‌మనేది అందుకే. ఇంత చెప్పాక ఇంజనీరుగారు "మరి తెలిసి కూడా ఎందుకు మార్చలేదు మాస్టారూ?" అంటారు. నవ్వి ఊరుకోండి.

వైరు ఎలా తెగుతుందో చూడాలని ఉంటే, బానెట్ ఎత్తి లీవర్ దగ్గర టార్చి వేసి చూడండి. బయటి తొడుగు ఆగిపోయి లోపలి ఉక్కు పేట బయటపడే చోట, సన్నటి పోగులు ఒకటీ రెండూ తెగి, వెనక్కి వంగి, వేలు పెడితే గుచ్చుకునేలా నిలబడి ఉంటాయి. అక్కడే ఎందుకంటే, వైరు వంగేది అక్కడా, పెడల్ కొక్కెం దగ్గరా. వంగినచోటే లోహం అలిసిపోతుంది. ఒక పోగు తెగితే దాని బరువు మిగిలిన పోగుల మీద పడుతుంది. తెగిన కొస తొడుగు లోపలికి వెళ్ళినప్పుడల్లా లోపలి ప్లాస్టిక్ పూతను గీకుతుంది. గీకితే రాపిడి పెరుగుతుంది, రాపిడి పెరిగితే మీరు ఇంకా గట్టిగా తొక్కుతారు, గట్టిగా తొక్కితే మరో పోగు. వడ్డీ వ్యాపారం కూడా ఇంత వేగంగా పెరగదు. ఇది చూశాక బానెట్ దించి, చేతులు దులుపుకుని, "ఇంకో ఆరునెలలు లాగుతుంది" అనాలి. ఈ వాక్యం పలకని మారుతి యజమానిని నేనింకా కలవలేదు.

వైరు ఎక్కడ తెగాలన్నది మీ చేతిలో లేదనుకుంటారు గానీ, ఉంది. హైదరాబాదు నుంచి విజయవాడ హైవే మీద వస్తుంటే టాప్ గేరులో పడ్డాక మైళ్ళ తరబడి క్లచ్ మీద కాలు వెయ్యం. అక్కడ తెగదు. బెంజి సర్కిల్ దగ్గర సాయంత్రం ఆరింటికి అడుగడుగుకీ తొక్కుతాం. కాబట్టి తెగితే అక్కడే తెగుతుంది. టప్‌మని ఒక చిన్న చప్పుడు, పెడల్ నేలకి అతుక్కుపోవడం, బండి గేర్లోనే ఉండిపోవడం, వెనక లారీవాడి హారను, అన్నీ ఒకేసారి.

ఆ సమయంలో ఇంటికి చేరుకోవడానికి పాత డ్రైవర్లకి ఒక కిటుకు తెలుసు. ఇంజను ఆపి, మొదటి గేరులోనే ఉంచి, తాళం తిప్పితే స్టార్టర్ మోటారే బండిని ముందుకు కుదుపుతుంది, ఆ కుదుపులోనే ఇంజను అందుకుంటుంది. ఇప్పటి కార్లలో కొన్ని క్లచ్ తొక్కందే స్టార్ట్ కావు గానీ మన ముసలిదానికి అలాంటి పట్టింపులు లేవు. కదిలాక యాక్సిలరేటర్ వదిలి, ఇంజను వేగం దిగే ఆ క్షణంలో మెల్లగా రెండో గేరులోకి జారిస్తే క్లచ్ లేకుండానే పడుతుంది. ఆగాలంటే న్యూట్రల్లోకి లాగాలి. రాత్రి రద్దీ తగ్గాక, ముందు ఖాళీ చూసుకుని, సందుల్లోంచి నెమ్మదిగా ఇల్లు చేరడానికి ఇది చాలు. మీరు మాత్రం ఆ పని చెయ్యకండి. బండి నడిరోడ్డు మీద వదిలి, హజార్డ్ లైట్లు వెయ్యకుండా, బావమరిదికి ఫోన్ చేసి, అతను వచ్చేదాకా ట్రాఫిక్ కానిస్టేబుల్‌కి క్లచ్ సిద్ధాంతం వివరించండి.

సామాన్ల కొనుగోలు కూడా ఒక కళే. విజయవాడ ఆటోనగర్ ఉండగా మనకి లోటేమిటి? అక్కడ ఏ షాపు ముందు నిలబడి అడిగినా మారుతి సామాను దొరుకుతుంది. కౌంటర్ దగ్గరకి వెళ్ళి "మారుతి క్లచ్ వైరు ఒకటి" అనండి చాలు. ఏ సంవత్సరం బండి, కార్బురేటరుదా, ఇంజెక్షన్‌దా, అసలు 800యేనా, ఆల్టోనా, ఓమ్నీయా అని కుర్రాడు అడుగుతాడు. "మారుతి అంటే మారుతే" అని కసురుకోండి. ఓమ్నీకి ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది కాబట్టి దాని వైరు దారి వేరు, పొడుగు వేరు. ఆ సంగతి ఇంటికొచ్చాక, చెమటలు కక్కుతూ వైరు పొడుగు చూసుకున్నప్పుడు తెలిస్తేనే గట్టిగా మనసులో నాటుకుంటుంది. పాత వైరు సంచిలో వేసుకెళ్ళి, రెండూ పక్కపక్కన పెట్టి, లోపలి పేట ఎంత బయటికి ఉంది, కొస మర ఎంత పొడుగుంది, కొక్కెం ఆకారం అదేనా అని సరిచూసుకునే ఘనులు కొందరుంటారు. వాళ్ళకి జీవితంలో రెండోసారి ఆటోనగర్ వెళ్ళే యోగం ఉండదు.

ధర దగ్గర వెనకడుగు వెయ్యొద్దు. అసలు వైరు అయినా నాలుగు రాళ్ళ వ్యవహారమే, కానీ దానికి సగం ధరలో ఇంకోటి అదే బల్ల మీద ఉంటుంది. డబ్బా రంగు అదే, బొమ్మ అదే, కంపెనీ పేరులో ఒక్క అక్షరమే తేడా. అక్షరాల తప్పులు పట్టుకోవడానికి మనమేమైనా పదో తరగతి పేపర్లు దిద్దుతున్నామా? రెండు చేతులతో వంచి చూస్తే తొడుగు వంగినచోటే ఉండిపోతుంది, లోపలి పేట లాగితే గరగరమంటుంది. ఆ పరీక్ష షాపులో చెయ్యకండి, షాపువాడు నొచ్చుకుంటాడు.

పనికి ముహూర్తం ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకి. మే నెల అయితే మరీ మంచిది. బండి అప్పుడే ఊరంతా తిరిగి వచ్చి ఉండాలి, ఇంజను సలసలా కాగుతుండాలి. గంటో రెండు గంటలో చల్లారనిచ్చాక చెయ్యి పెట్టమంటారు జాగ్రత్తపరులు. సైలెన్సరు మొదలు దగ్గర ఇనుము ఎంత వేడిగా ఉంటుందో ముంజేతి మీద ముద్ర పడితే గాని తెలియదు కదా.

విప్పడానికి ముందు ఫోన్‌తో ఒక్క ఫొటో తీసుకుంటే, వైరు ఏ పైపు పక్కనుంచి, ఏ క్లిప్పులోంచి, ఏ వంపు తిరిగి వెళ్ళిందో ఆ తర్వాత చూసుకోవచ్చు. ఫొటోలు పెళ్ళిళ్ళకి. మనకి జ్ఞాపకశక్తి ఉంది. నిన్న కళ్ళజోడు ఎక్కడ పెట్టామో గుర్తులేకపోయినా, క్లచ్ వైరు దారి గుర్తుండకుండా ఉంటుందా?

ఎక్కడ మొదలుపెట్టాలన్నది తర్వాతి చిక్కు. గేర్‌బాక్స్ కొస దగ్గర నట్టు వదులు చేసి, లీవర్ నుంచి వైరు తప్పించి, తొడుగుని బ్రాకెట్ నుంచి లాగి, అప్పుడు లోపల పెడల్ దగ్గరకి వెళ్ళడం పద్ధతి. అలా చేస్తే వైరులో బిగువు ముందే పోతుంది, కొక్కెం దానంతటదే ఊడివస్తుంది. సాహసికులు పెడల్ దగ్గరే మొదలుపెడతారు.

నట్టు గురించి కొంచెం ఆగి చెప్పాలి. అది వైరు కొసనున్న మరమేకు మీద ఉంటుంది. ఏళ్ళ తరబడి రోడ్డు నీళ్ళూ బురదా తాగి, మరల మధ్య తుప్పు ఎర్రగా పేరుకుని ఉంటుంది. ముందురోజు రాత్రే తుప్పు వదిలే స్ప్రే కొట్టి, ఇనుప బ్రష్షుతో బయటికున్న మరలు శుభ్రం చేసి, సరైన నంబరు పానా పెట్టి, రెండో చేత్తో మరమేకు తిరక్కుండా ప్లయర్‌తో పట్టుకుని తిప్పితే వస్తుంది. పట్టుకోకుండా తిప్పితే ఏమవుతుందో గమనించడం సరదాగా ఉంటుంది. నట్టుతోపాటు మరమేకు కూడా తిరుగుతుంది. మరమేకుతోపాటు లోపలి ఉక్కు పేట మెలిపడుతుంది. నట్టు వదులవుతోందని మీరు ఆనందపడుతుంటారు, వైరు లోపల ముడతలు పడుతుంటుంది. పాత వైరే కదా పోనీ అనుకుంటారు. కొత్త వైరు బిగించేటప్పుడూ అదే పని చేస్తారు, నాకు తెలుసు.

సరైన పానా దొరక్కపోతే కటింగ్ ప్లయర్ ఉండనే ఉంది. ఆరు మూలలూ అరిగి నట్టు గుండ్రంగా అయ్యేదాకా తిప్పండి. గుండ్రమైన నట్టుకి ఇక ఏ పానా సరిపోదు కాబట్టి, ఏ నంబరు వాడాలన్న సందేహం శాశ్వతంగా తీరిపోతుంది.

ఇక్కడ ఒక్క విషయం వెటకారం పక్కనపెట్టి చెప్పాలి. లీవర్ దగ్గరకి పైనుంచి చెయ్యి దూరితే సరే. దూరక బండి కిందకి వెళ్ళాల్సి వస్తే, బండితో వచ్చిన జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద తల పెట్టొద్దు. అది చక్రం మార్చడానికి ఇచ్చినది, మనిషి కింద పడుకోవడానికి కాదు. చదునైన గట్టి నేల చూసుకోవాలి, వెనక చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టాలి, హ్యాండ్‌బ్రేకు వెయ్యాలి, బండి బరువు స్టాండ్ల మీద నిలిపాక ఒకసారి గట్టిగా ఊపి చూసి, అప్పుడు వెళ్ళాలి. ఇటుకలు పగులుతాయి, వాటిని పేర్చొద్దు. స్టాండ్లు లేకపోతే ఆ పని ఆ రోజుకి లేదు. ఇది మాత్రం నవ్వులాట కాదు.

సరే, మళ్ళీ మన శాస్త్రంలోకి.

పెడల్ కొక్కెం దగ్గరకి చేరడమే ఈ పనిలో అసలైన యాత్ర. డ్రైవరు సీటు వెనక్కి జరపొచ్చు, ఇంకా ఓపికుంటే బోల్టులు విప్పి సీటే బయటపెట్టొచ్చు. అలాంటి సుఖాలు మనకొద్దు. తల కిందికి, నడుము సీటు అంచు మీద, కాళ్ళు సీటు వెనక్కి వేలాడదీసి, స్టీరింగు గుండెలకి ఆనుకుంటుండగా, టార్చి పళ్ళతో పట్టుకుని దిగండి. అక్కడినుంచి ప్రపంచం వేరేగా కనిపిస్తుంది. కాళ్ళకింద వేసే మ్యాట్ మడతలో ఇసక, చాక్లెట్ కాగితాలు, మంగళగిరి వెళ్ళినప్పటి పానకం బెల్లపు మరక, ఎప్పుడో చెల్లకుండా పోయిన పావలా బిళ్ళ. పైకి చూస్తే పెడల్ చెయ్యి పైకొసన చిన్న కొక్కెం, దానికి పట్టుకుని వైరు కొస. చెయ్యి చాస్తే మధ్యవేలు తగులుతుంది, బొటనవేలు చేరదు. కొక్కెం పట్టు వదిలించాలంటే రెండూ చేరాలి. చెమట కంట్లోకి కారుతుంది, తుడుచుకునే చెయ్యి ఖాళీ ఉండదు. సరిగ్గా అప్పుడే బయటనుంచి వినిపిస్తుంది: "ఏవండీ, కాఫీ ఇక్కడికే తెమ్మంటారా?" పళ్ళ మధ్య టార్చి ఉండగా జవాబు చెప్పే ప్రయత్నం చెయ్యండి. టార్చి వెళ్ళి సీటు కింద పడుతుంది.

వీధిలో జనం చేరడం కూడా ఈ దశలోనే. బయటికి కనిపించేవి మీ కాళ్ళు మాత్రమే కాబట్టి, ఎవరి కాళ్ళో గుర్తుపట్టడానికి కొంత చర్చ జరుగుతుంది. ఆ తర్వాత సలహాలు మొదలవుతాయి. పాల ప్యాకెట్లు వేసే అబ్బాయి తన బైకు క్లచ్ వైరు రెండు నిమిషాల్లో మార్చానంటాడు. ఎదురింటాయన కారు అమ్మేసి స్కూటర్ కొనుక్కోమంటాడు. బావమరిది ఒక్కడే మీ పక్షం: "బావా, ఇంకొంచెం లోపలికి వెళ్ళు, వచ్చేస్తుంది."

పాత వైరు బయటికి లాగేటప్పుడు ఇంజనుకీ లోపలి గదికీ మధ్య ఉన్న రేకు గోడలో ఒక కన్నం, ఆ కన్నానికి ఒక రబ్బరు బుష్షు కనిపిస్తాయి. బుష్షు ఎండి, పగిలి, చేతిలో ముక్కలవుతుంది. దాన్ని పారేసి వైరు నేరుగా దూర్చండి. రేకు అంచు కొత్త వైరు తొడుగుని రోజూ కొంచెం కొంచెం కోసుకుంటూ పోతుంది. పైగా ఎండాకాలం ఇంజను వేడీ, వానాకాలం రోడ్డు నీళ్ళూ తిన్నగా మీ పాదాల దగ్గరకే వస్తాయి. అంత చవకలో ఏసీ, హీటరు రెండూ పెట్టించుకున్నట్టే.

కొత్త వైరు వెళ్ళాల్సిన దారి గుర్తులేకపోతే దగ్గరి దారి పట్టండి. నిటారుగా ఒక మూల మలుపు, సైలెన్సరు మొదలుని రాసుకుంటూ ఇంకొకటి. వైరుకి వంపు పెద్దదిగా, మెత్తగా ఉండాలని, ఎక్కడా నలగకూడదని, వేడి తగలకూడదని అంటారు. మలుపు బిగుసుగా ఉన్నకొద్దీ లోపలి పేట తొడుగు గోడని రాసుకుంటుంది, కొత్త వైరుతో కూడా పెడల్ పాతదానిలాగే బరువుగా ఉంటుంది. పాత అలవాటు పోకుండా ఉండటానికి ఇదీ ఒక మార్గమే. జారిపోకుండా గోనె పురికొసతో ఇంజనుకి కట్టేస్తే పూర్తయినట్టే.

నూనె సంగతి తప్పకుండా అడుగుతారు. మన ఇళ్ళల్లో కిర్రుమన్నదానికల్లా నూనె పొయ్యడం వంశాచారం. కుట్టుమిషనుకి పోశాం, తలుపు బందులకి పోశాం, క్లచ్ వైరుకి మాత్రం ఎందుకు పొయ్యం? లోపల ప్లాస్టిక్ పూత ఉన్న వైరుకి, కంపెనీవాళ్ళు పొయ్యమని చెబితే తప్ప, నూనె పొయ్యనక్కర్లేదు. పోస్తే దుమ్ము పట్టుకుని జిగురు ముద్దవుతుంది, కొన్ని నూనెలకి ఆ పూతే ఉబ్బుతుంది. గ్రీజు కావలసింది పెడల్ కొక్కెం దగ్గర, లీవర్ మీద వైరు పట్టుకునేచోట, అదీ గోరంత. మీరు మాత్రం వైరుని తలకిందులుగా వేలాడదీసి వంటింటి కొబ్బరినూనె ధారగా వదలండి. కొబ్బరినూనె ఇరవైనాలుగు డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. విజయవాడలో ఏడాదిలో చాలాభాగం బెంగలేదు. డిసెంబరు తెల్లవారుజామున హైదరాబాదులో బండి తీస్తే, మీ క్లచ్ సూర్యోదయం తర్వాత పనిచేయడం మొదలుపెడుతుంది.

ఇప్పుడు అసలు పరీక్ష, బిగింపు. దీంట్లో రెండు సంప్రదాయాలు ఉన్నాయి. వదులు సంప్రదాయం వాళ్ళు నట్టు నాలుగు మరలు తిప్పి వదిలేస్తారు. వాళ్ళకి పెడల్ నేలకి తగిలినా క్లచ్ పూర్తిగా విడిపోదు, కర్ర్‌మనడం యథాతథం. బిగుతు సంప్రదాయం వాళ్ళది మరింత ఘనమైన చరిత్ర. "వదులుంటే మళ్ళీ మార్చాలి" అని వైరు వీణ తీగలా మోగేదాకా బిగిస్తారు.

మధ్యేమార్గం ఒకటి ఉంది, చెప్పి వదిలేస్తాను. పెడల్‌ని చేత్తో నొక్కినప్పుడు, బరువు తగలడానికి ముందు కొంచెం ఖాళీగా దిగాలి. దాన్ని ఫ్రీ ప్లే అంటారు. అంగుళానికి అటూఇటూగా ఉంటుంది, మీ బండికి ఎంతో బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ ఖాళీ ఎందుకంటే, మీరు కాలు తీసేసినప్పుడు రిలీజ్ బేరింగ్ స్ప్రింగు వేళ్ళని ముట్టుకోకుండా ఉండాలి. ఆ ఖాళీ లేకుండా బిగిస్తే మీరు తొక్కకుండానే క్లచ్ కొద్దిగా తొక్కినట్టే. బేరింగ్ ఇంజను తిరిగినంతసేపూ తిరిగి తిరిగి ఊళ పెడుతుంది, ప్లేటు పట్టు లేక జారుతుంది. డ్రైవింగ్ స్కూలు బళ్ళలో నేర్చుకునేవాళ్ళు ఎడమకాలు క్లచ్ మీదనుంచి తియ్యకుండా నడిపితే జరిగేదీ ఇదే. అక్కడ పాపం వైరు తప్పేం లేదు.

జారే క్లచ్‌ని పరీక్షించడానికి ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డుని మించింది లేదు. కొత్త వైరు వేశారు కాబట్టి అమ్మవారి దర్శనానికి ఇంటిల్లిపాదీ ఎక్కండి, పులిహోర క్యారేజీ డిక్కీలో పెట్టండి. మలుపు తిరిగి ఎక్కుతుంటే యాక్సిలరేటర్ నొక్కినకొద్దీ ఇంజను గొంతు పెరుగుతుంది, బండి మాత్రం పెరగదు. కాసేపటికి కాలిన వాసన. వెనక సీట్లోంచి "ఎవరో ప్లాస్టిక్ తగలబెడుతున్నారు" అంటారు. అవునవును అనండి. అది మీ క్లచ్ ప్లేటు లైనింగ్. అది మార్చాలంటే గేర్‌బాక్స్ కిందికి దించాలి. దించినప్పుడు ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ కూడా మార్చేయడం తెలివి, మళ్ళీ దించే కూలీ తప్పుతుంది కాబట్టి. వైరు మీద మిగిల్చిన డబ్బులు ఈ ఖర్చులో ఏ మూలకి పోయాయో వెతికినా కనిపించవు.

దీనికి ముందు ఇంటి ముందే చేసుకోగల పరీక్షలు కొన్నున్నాయి. ఇంజను ఆపి, పెడల్ పది పదిహేనుసార్లు తొక్కి వదిలి, వైరు సర్దుకున్నాక ఫ్రీ ప్లే మళ్ళీ చూడటం. హ్యాండ్‌బ్రేకు వేసి, ముందూ వెనకా ఎవరూ లేకుండా చూసుకుని, ఇంజను వేసి, క్లచ్ తొక్కిపట్టి ఒక్కక్షణం ఆగి రివర్స్ వెయ్యడం. చప్పుడు లేకుండా పడితే క్లచ్ విడిపోతున్నట్టే. తర్వాత సందులోనే నెమ్మదిగా ఒక చుట్టు. కొత్త వైరు మొదటి కొద్దిరోజుల్లో కాస్త సర్దుకుంటుంది కాబట్టి వారం పోయాక ఇంకోసారి సరిచేసుకోవడం. ఇవన్నీ చేస్తే మెకానిక్‌తో మీకున్న అనుబంధం తెగిపోతుంది.

పని అయిపోయాక చాపమీద ఒక వాషరూ ఒక చిన్న పిన్నూ మిగిలి ఉంటాయి. కంపెనీవాళ్ళు ఎక్కువ ఇచ్చారని సంతోషించి డ్యాష్‌బోర్డు అరలో వేసుకోండి. లాక్ నట్టు బిగించడం మరిచిపోయినా కంగారు పడనక్కర్లేదు. అదురుకి నట్టు దానంతటదే వదులవుతూ పోతుంది, బిగుతు సంప్రదాయం నుంచి వదులు సంప్రదాయానికి మీరు కష్టపడకుండానే మారిపోతారు.

చివరికి బండిని తాడు కట్టి మెకానిక్ దగ్గరకి లాక్కెళ్ళే రోజు వస్తుంది. ముందే మాట తయారుచేసుకోవాలి. మీ చేత్తో చేశారని చెబితే ఆయన ఏమీ అనడు, కానీ ఆ చూపు ఏడాది పాటు గుర్తుంటుంది. "మొన్న ఊరెళ్ళినప్పుడు అక్కడెవరో మెకానిక్ వేశాడు" అని చెప్పండి. ఆయన బానెట్ ఎత్తి, గుండ్రంగా అరిగిన నట్టునీ, గోనె పురికొసనీ, తొడుగు మీద మెరుస్తున్న కొబ్బరినూనెనీ ఒక్కొక్కటే చూస్తాడు. వేలితో నూనె తీసి వాసన చూస్తాడు.

"ఆ మెకానిక్ మీ ఇంట్లోనే ఉంటాడా సార్?"

లేదని చెప్పండి. ఎడమ ముంజేతి మీద కాలిన మచ్చ కనిపించకుండా చొక్కా చెయ్యి కిందికి దించుకున్నాకే చెప్పండి.